కళ్ళు మూసుకుని కొట్టే పిల్ల

కౌసర్ మళ్ళీ ఔటయింది.

ఔటవడం పెద్ద వింతేమీ కాదు. బేస్‌బాల్ అనే ఆటే అంత. ఎంత పేరున్న బ్యాటరైనా సగానికి పైగా ఖాళీ చేతులతోనే తిరిగొస్తుంది. కానీ ఈ పిల్ల ఔటయ్యే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండాలి. బంతి నడుమెత్తున, కొట్టమ్మా తల్లీ అని బతిమాలుతున్నట్టు కాళ్ళ ముందు నేల మీదున్న తెల్ల ప్లేట్ మీదికి వచ్చింది. కౌసర్ బ్యాట్ కూడా ఏమీ తక్కువ తినలేదు, హోరుమంటూ తిరిగింది. ఆ రెండూ మాత్రం ఒకదాన్నొకటి ఎరగనట్టు ఎవరి దారిన అవి పోయాయి. బంతి వెళ్ళి వెనక కూర్చున్న క్యాచర్ చేతి తొడుగులో పడింది. అంపైర్ మూడో స్ట్రైక్ అని అరిచాడు. మూడు స్ట్రైకులు పడ్డాక ఇక అక్కడ నిలబడి చేసేదేమీ ఉండదు.

ఒంగోలులో ఒక కాలేజీ మైదానం అది. జిల్లాల మధ్య ఆడపిల్లల బేస్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. పల్నాడు జట్టు సెమీఫైనల్ గెలిచింది. కౌసర్ చలవ వల్ల కాదు, ఆమె ఉన్నా గెలిచింది. తోటి పిల్లలు ఎగిరి గంతులేస్తుంటే ఆమె షామియానా కింద బెంచీ చివర హెల్మెట్ తియ్యకుండా కూర్చుంది. తీస్తే ముఖం కనపడుతుంది మరి. ఆ ముఖం ఎవరికీ చూపించాలని లేదు. ఈ పోటీలు మొదలైన దగ్గర్నించీ బ్యాట్‌కి బంతి సరిగ్గా తగిలిన పాపాన పోలేదు.

అసలు విచిత్రమేమిటంటే, కౌసర్‌కి కొట్టడం రాక కాదు. బంతిని కదలకుండా రబ్బరు స్టాండు మీద పెట్టి కొట్టమంటే, ఆ పిల్ల కొట్టే దెబ్బకి బంతి సత్తెనపల్లి కాలేజీ గ్రౌండు గోడ దాటి అవతల పత్తి చేలో పడేది. ఆ చేయి చూసే కోచ్ శ్రీదివ్య ఆమెని జట్టులోకి లాక్కొచ్చింది. శ్రీదివ్య హైస్కూల్లో ఆటలు నేర్పే మేడమ్. ఒకప్పుడు తనూ గట్టిగా ఆడిన మనిషి. "ఇంత బలం ఎక్కడిదే నీకు?" అని మురిసిపోయింది మొదటి రోజు. కౌసర్ నవ్వేసి ఊరుకుంది.

అదే బంతిని ఎవరైనా ఎదురుగా నిలబడి విసిరితే మాత్రం గాలికి దెబ్బలు కొట్టేది. శ్రీదివ్య చెప్పని మాట లేదు. ముందు కాలు అంత దూరం వెయ్యకంది. బరువు వెనక కాలి మీద ఉంచుకోమంది. నడుం ముందు తిరగాలి, చేతులు దాని వెంట రావాలి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలి అంది. కౌసర్ ఒక్కొక్కటీ బుద్ధిగా నేర్చుకుంది. నేర్చుకున్నకొద్దీ ఆట ఇంకా పాడైంది. ప్లేట్ దగ్గర నిలబడితే కాలు, నడుం, మోచెయ్యి అన్నీ ఒకేసారి పంచాయితీ పెట్టినట్టుండేది. ఆ గోలలో బంతి వచ్చి వెళ్ళిపోయేది.

ఆ సాయంత్రం పిల్లలు బస చేసిన తరగతి గదిలో కోటేశ్వరి ఫోను పట్టుకుని కూర్చుంది. కోటేశ్వరి జట్టుకి క్యాచర్. మిరప రైతుల బిడ్డ. నోరు పెద్దది, మనసు మంచిది. ఆ రెండూ ఉన్నవాళ్ళతో వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే.

"ఏమే కౌసరూ, నీ స్వింగు మొత్తం వీడియో తీశా. నెమ్మదిగా పెట్టి చూద్దాం రా. ఎక్కడ తేడా కొడుతుందో ఇవాళ తేలిపోవాల" అంది.

పిల్లలంతా చుట్టూ మూగారు. ఫోనులో కౌసర్ బొమ్మ మెల్లమెల్లగా కదిలింది. కాలు బాగానే పడింది. నడుం బాగానే తిరిగింది. మోచెయ్యి ఎక్కడుండాలో అక్కడే ఉంది. బ్యాట్ బంతి దగ్గరికి వస్తోంది, వస్తోంది, ఇంకాస్తలో తగులుతుందనగా, కౌసర్ బుగ్గలు బిగుసుకున్నాయి, ముఖం పక్కకి తిరిగిపోయింది, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి.

"ఒసేయ్! కళ్ళు మూసుకుంటందే ఇది!" అని కోటేశ్వరి కేక పెట్టింది. "నెలల తరబడి కాలంట, మోచెయ్యంట! ఇది గుడ్డిదానిలాగా కొడుతుంటే ఎట్టా తగుల్తదే తల్లీ!"

గదంతా ఒకటే నవ్వు. మళ్ళీ పెట్టవే, మళ్ళీ పెట్టవే అని ఆ ముఖాన్నే పదే పదే చూశారు. బంతికి భయపడుతుందని ఒకరు, నిద్రపోతుందని ఒకరు. కౌసర్ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. నవ్వకపోతే ఏడవాలి, ఇంకో దారి లేదు.

ఆ ముఖం ఎక్కడిదో ఆమెకి చూడగానే తెలిసిపోయింది. అది బంతికి భయపడ్డ ముఖం కాదు. అది పరుపు దుమ్ము ముఖం.

కౌసర్ వాళ్ళు దూదేకులవాళ్ళు. నాన్న పీరు సత్తెనపల్లిలో పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిస్తాడు. అమ్మ జైనాబీ గలేబులు కుడుతుంది. ఏకడానికి ఇప్పుడు మిషను వచ్చింది గానీ, ఏళ్ళ తరబడి జనం పడుకుని పడుకుని ఉండలు కట్టిన దూదిని తిన్నగా మిషనులో వెయ్యలేరు. ముందు నేల మీద పోసి కర్రతో బాదాలి. బాదితే లేస్తుంది చూడండి దుమ్ము! ఊళ్ళోవాళ్ళ చెమటా, మట్టీ, నూనే అన్నీ కలిసిన దుమ్ము. అందుకని కర్ర దిగే క్షణంలో ఊపిరి బిగబట్టి, ముఖం పక్కకి తిప్పి, కళ్ళు మూసుకోవాలి. ఇది ఎవరూ నేర్పరు. రెండు రోజులు కళ్ళు మండితే ఒళ్ళే నేర్చుకుంటుంది. కౌసర్ పలక పట్టిన వయసు నించీ నాన్న పక్కన నిలబడి దూది బాదింది. మేడమ్ మెచ్చుకున్న ఆ బలం అక్కడిదే. ఇప్పుడు నవ్వులపాలు చేసిన ఆ కళ్ళూ అక్కడివే.

ఇంత చిన్న సంగతి. "మేం దూది బాదుతాం కదా, ఆ అలవాటు" అంటే ఒక్క ముక్కలో అయిపోయేది. అననిస్తేనా సిగ్గు! బడిలో మగపిల్లలు ఆమె నడిచి వెళ్తుంటే దూది ఏకే బద్ద చప్పుడు నోటితో చేసేవాళ్ళు. నెత్తి మీద దూది పోగు కనపడితే చాలు, తలగడ వచ్చిందిరోయ్ అనేవాళ్ళు. కాలేజీకి వచ్చాక కౌసర్ ఆ సంగతి పూడ్చిపెట్టేసింది. నాన్న ఏం చేస్తాడని అడిగితే బిజినెస్ అనేది. ఇంటికి ఎవరినీ పిలవలేదు. ఈ జట్టులో ఆమె దూదేకుల పిల్ల కాదు, ఉత్త కౌసర్. ఆ ఉత్త కౌసర్‌గా ఉండటం ఆమెకి ప్రాణం.

కాసేపటికి శ్రీదివ్య ఆమెని వరండాలోకి పిలిచింది. మేడమ్ కూడా వీడియో చూసింది. ముఖంలో నవ్వు లేదు.

"రేపు ఫైనల్లో నిన్ను పక్కన పెడదామనుకున్నానమ్మా" అంది నెమ్మదిగా.

ఈ ఫైనల్ కోసం కౌసర్ ఎన్ని పొద్దులు చీకటితో లేచింది! పక్కన పెడితే ఇక ఏ ముఖం పెట్టుకుని జట్టులో ఉంటుంది?

"కానీ ఇది చూశాక ఇంకోటి అడగాలనిపిస్తోంది. నిజం చెప్పు. ఇలా కళ్ళు మూసుకుని ముడుచుకుపోయే పిల్లల్ని నేను బళ్ళో చూశాను. దెబ్బలు తిన్న పిల్లలే ఇలా చేస్తారు." శ్రీదివ్య గొంతు తగ్గించింది. "ఇంట్లో నిన్ను ఎవరైనా కొడతారా?"

కౌసర్ నోరు తెరిచింది. లేదు మేడమ్ అందామనే తెరిచింది. అంటే తరవాతి ప్రశ్న ఏమిటో తెలుసు. మరి ఎందుకు మూసుకుంటున్నావు అంటుంది. గుమ్మంలో కోటేశ్వరి నిలబడి చెవులు రిక్కించి వింటోంది. ఆ నోట పడితే జట్టంతా తెలిసినట్టే. కౌసర్ నోరు మళ్ళీ మూసుకుంది.

"నాన్నా?" అంది శ్రీదివ్య.

కౌసర్ తల దించుకుంది. అవుననలేదు, కాదనలేదు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం జలజలా కారాయి. అవి దేనికి వచ్చిన నీళ్ళో ఆమెకే తెలియదు. చూసేవాళ్ళకి మాత్రం ఒక్కటే అర్థమవుతుంది కదా.

"సరే, సరే, చెప్పొద్దులే" అని శ్రీదివ్య ఆమె తల నిమిరింది. "రేపు నువ్వు ఆడుతున్నావు. నిన్ను తియ్యను. ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు."

ఛీ! అదేం మాయరోగమో గానీ, ఆ చేయి తల మీద పడగానే కౌసర్‌కి హాయిగా అనిపించింది. జట్టులో చోటు నిలిచింది, దూది సంగతి బయటపడలేదు. రాత్రి భోజనాల దగ్గర కోటేశ్వరి వచ్చి పక్కన కూర్చుని తన పళ్ళెంలో గుడ్డు తీసి ఆమె పళ్ళెంలో వేసింది. ఒక్కరూ వెక్కిరించలేదు. కౌసర్ ఆ గుడ్డు తింది. తింటున్నంతసేపూ, ఇంట్లో ఒక్కనాడైనా పల్లెత్తు మాట అనని నాన్న ముఖం కళ్ళ ముందు కనపడుతూనే ఉంది. రేపు మ్యాచ్ అయిపోగానే మేడమ్‌కి చెప్పేద్దాంలే అనుకుంది. అలా అనుకున్నాక ముద్ద కాస్త దిగింది.

పొద్దున్నే మైదానంలో పిల్లలు ఒళ్ళు కాచుకుంటున్నారు. కౌసర్ బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది.

"అమ్మా, సత్తెనపల్లి నించి వచ్చిన పిల్లలు మీరేనా? మా కౌసరు ఉందా తల్లీ?"

ఆ గొంతు విని కౌసర్ చేతులు ఆగిపోయాయి. నడుమెత్తు ఇనప కంచె అవతల పీరు నిలబడి ఉన్నాడు. చేతిలో స్టీలు డబ్బా. రాత్రి పనిలోంచి లేచి తిన్నగా మొదటి బస్సు ఎక్కేసినట్టున్నాడు. కనుబొమల్లో, చొక్కా భుజాల మీద తెల్లగా దూది నలుసులు అంటుకునే ఉన్నాయి. కూతురి ఆట ఎన్నడూ చూడని మనిషి. ఫైనల్ అని జైనాబీ చెప్పగానే ఆగలేకపోయాడు. రమ్మని కౌసర్ ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి ఆయన పట్టించుకోనూ లేదు.

"ఇదిగో తల్లీ, నువ్వులుండలు. వాళ్ళమ్మ మీ అందరికీ చేసి పంపింది. ఆడే పిల్లలకి మంచిది, తీసుకోండి" అంటూ డబ్బా మూత తీసి కంచె మీదుగా కోటేశ్వరి ముందు పెట్టాడు.

కోటేశ్వరి ఆ డబ్బా వంక చూసింది, ఆయన వంక చూసింది.

"మాకొద్దు" అంది. "మీ చేతి తిండి మాకొద్దు."

"ఏం తల్లీ?" పీరుకి అర్థం కాలేదు. సాయిబుల ఇంటి తిండి అని వద్దంటోందనుకున్నాడు కాబోలు, మూత మెల్లగా పెట్టేశాడు. "పర్లేదులేమ్మా."

ఈలోపు శ్రీదివ్య వచ్చింది. ఆ మనిషిని చూడగానే ఆవిడ ముఖం ఎర్రబడింది. కోపాన్ని దాచుకునే మనిషి కాదు.

"కౌసర్ నాన్నగారు మీరేనా? ఒక్క మాట అడుగుతాను. ఇంత ఎదిగిన ఆడపిల్ల మీద చెయ్యి ఎలా లేస్తుందండీ మీకు?"

పీరు బిత్తరపోయాడు. "ఏందమ్మా మీరనేది?"

"పిల్ల ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు, చూస్తే తెలుస్తోంది. బంతి వస్తుంటే దెబ్బ పడబోతున్నట్టు కళ్ళు మూసుకుని ముడుచుకుపోతోంది. ఎన్ని దెబ్బలు తింటే అలా అవుతుందో మీకే తెలియాలి. మీ వల్ల దాని ఆట పోతోంది. ఇలాగే ఉంటే ఇంత చెయ్యి ఉన్న పిల్లని ఇంటికి పంపించాల్సి వస్తుంది!"

పీరు కూతురి వంక చూశాడు. కౌసర్ తలెత్తి ఉంటే, ఒక్కసారి అడ్డంగా ఊపి ఉంటే, అక్కడితో అయిపోయేది. ఆమె బూటు తాడు ముడి వేసింది. వేసిన ముడి విప్పింది. మళ్ళీ వేసింది. భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది. చీలదు కదా, అంత సుఖం ఎవరికుంది!

పీరు కాసేపు ఆ వంగిన తలనే చూశాడు. ఏమర్థమైందో ఏమో ఆయనకి. పిల్లకి ఏదో ఇబ్బంది వచ్చిందనీ, తనొక మాట ఒప్పుకుంటే అది తీరుతుందనీ మాత్రం తోచినట్టుంది. శ్రీదివ్య కళ్ళలోకి సూటిగా చూసి చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందమ్మా. ఇకమీదట చెయ్యెత్తను. పిల్లని మాత్రం ఇంటికి పంపమాకండి. దాన్ని ఆడనియ్యండి."

అని, డబ్బా చంకలో పెట్టుకుని, షామియానాకి దూరంగా గోడ వారన ఎండలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఫైనల్ మొదలైంది. మొదటిసారి బ్యాట్ పట్టుకుని వెళ్ళినప్పుడు కౌసర్ ఏం చేసిందో ఆమెకే గుర్తు లేదు. వెళ్ళింది, ఊపింది, వచ్చేసింది. రెండోసారీ అంతే. తప్పయిపోయిందమ్మా అన్న మాటే చెవిలో గింగిరాలు తిరుగుతుంటే ఇక బంతి ఎక్కడ కనపడుతుంది? ఆట చివరికొచ్చేసరికి పల్నాడు ఒక్క పరుగు వెనక ఉంది. ఆఖరి అవకాశం వచ్చింది. మొదట వెళ్ళిన పిల్ల బంతిని దూరంగా కొట్టి మూడో బేస్ దాకా చేరింది. అక్కణ్ణించి మళ్ళీ ప్లేట్ దాకా వస్తే ఒక పరుగు. తరవాతి పిల్ల ఆడుతోంది. దాని తరవాత కౌసర్ వంతు.

శ్రీదివ్య దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "భయపడకమ్మా. అక్కడ గోడ దగ్గరున్న మనిషిని మర్చిపో. ఆయన ఇక నిన్ను ఏమీ చెయ్యలేడు."

అంతే. ఆ మాటతో కౌసర్‌లో ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదేదో పుటుక్కున తెగింది.

"మా నాన్న నన్ను కొట్టడు మేడమ్!" అంది. గొంతు ఎంత గట్టిగా వచ్చిందో ఆమెకి తెలియదు. బెంచీ మీద పిల్లలంతా అటు తిరిగారు. "ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. పుట్టిన దగ్గర్నించీ ఒక్కటి కూడా!"

"మరి పొద్దున ఆయనే ఒప్పుకున్నారు కదా!"

"నా కోసం ఒప్పుకున్నాడు. నన్ను ఆడనియ్యరేమోనని." కౌసర్ ముక్కు తుడుచుకుంది. "మేం దూదేకులోళ్ళం మేడమ్. పాత పరుపులు విప్పి బాదుతాం. బాదితే దుమ్ము లేస్తది. కళ్ళల్లో పడకుండా మూసుకుంటాం, ఊపిరి బిగబడతాం. చిన్నప్పట్నించీ అదే అలవాటు. బ్యాట్ ఊపినా కర్ర ఊపినట్టే కళ్ళు మూసుకుపోతన్నాయి. ఇంకేం లేదు. అంతే."

శ్రీదివ్య చెయ్యి కౌసర్ భుజం మీంచి జారిపోయింది.

"ఓసి నీ యమ్మ కడుపు మాడా!" అంది కోటేశ్వరి. "ఈపాటి దానికి నిన్న నోరెందుకు మూసుకున్నావే? ఆ పెద్దాయన్ని మేం ఎన్ని మాటలన్నాం! ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది" అంది కౌసర్. "మా నాన్న దూది పని చేస్తాడని చెప్పుకోటానికి సిగ్గేసింది."

కోటేశ్వరి చూపు కౌసర్ భుజం మీదుగా వెనక్కి పోయింది. కౌసర్ తిరిగి చూసింది.

బెంచీ వెనక, కంచెకి ఆనుకుని పీరు నిలబడి ఉన్నాడు. కూతురు రెండుసార్లు ఔటయి ముఖం వేలాడేసుకుని రావడం చూసి, మంచినీళ్ళ సీసా పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. ఎంత విన్నాడో మాత్రం ముఖం చూస్తే తెలిసిపోతోంది.

అంతమంది ఆడపిల్లల ముందు, కూతుర్ని కొట్టే తండ్రివని నిలదీసినప్పుడు దించని తల ఆ మనిషి ఇప్పుడు దించాడు. సీసా కింద పెట్టి, చొక్కా భుజం మీద దూది నలుసులు ఒక్కొక్కటీ దులుపుకోవడం మొదలుపెట్టాడు. ఎడమ భుజం అయ్యాక కుడి భుజం. తరవాత జేబు. అవి అంత తొందరగా పోయేవి కావు, చెమటకి అంటుకుపోయి ఉన్నాయి.

"నాన్నా" అంది కౌసర్.

"ముందే ఒక్క మాట చెప్తే రాకపోదునుగదమ్మా" అన్నాడు పీరు. కోపంగా అనలేదు. ఏదో తనే పొరపాటు చేసినట్టు అన్నాడు. "నాకు తెలవక వచ్చా."

ఎన్ని తిట్లు తిట్టినా కౌసర్ తట్టుకునేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఈ మాట మాత్రం తట్టుకోలేకపోయింది. కంచె మీదుగా చెయ్యి చాపి ఆయన చెయ్యి అందుకోబోయింది. ఆయన సీసా తీసి ఆ చేతికి అందించాడు.

శ్రీదివ్య ముందుకొచ్చింది. "నన్ను క్షమించండి. తెలియక చాలా పెద్ద మాటలన్నాను."

"అయ్యో, మీదేం లేదమ్మా. మీరు పిల్ల మంచి కోరే అడిగారు" అన్నాడు పీరు, ఆవిడ వంక చూడకుండా. "పిలుస్తన్నారు. దాన్ని పంపండి."

నిజంగానే అంపైర్ పిలుస్తున్నాడు. ముందరి పిల్ల ఔటయింది. మూడో బేస్ మీద పరుగు కాచుకుని ఉంది. శ్రీదివ్య కౌసర్ రెండు భుజాలూ పట్టుకుంది.

"చూడు. కాలూ, మోచెయ్యీ అని నేను చెప్పినవన్నీ వదిలెయ్. నువ్వు ముందు ఊపిరి బిగబడుతున్నావు, దాని వెనకే కళ్ళు మూసుకుపోతున్నాయి. అందుకని బిగబట్టకు. కొట్టేటప్పుడు గట్టిగా అరవాలి. నోట్లోంచి గాలి పోతుంటే ఆ అలవాటు రాదు. పో."

నిన్ననే ఆ ఒక్క మాట చెప్పుంటే నిన్ననే ఈ మందు దొరికేది. నాన్న ఇంత దూరం వచ్చి ఇంత మాట పడకుండా ఉండేవాడు. కౌసర్ అది తలచుకుంటూనే ప్లేట్ దగ్గరికి నడిచింది.

మొదటి బంతికి అరవడం మర్చిపోయింది. ఒళ్ళు తన పని తను చేసేసింది, కళ్ళు మూసుకుపోయాయి. స్ట్రైక్. రెండో బంతికి అరిచింది గానీ ఆలస్యంగా అరిచింది. బ్యాట్ అంచుకి గీసుకుని బంతి గీత బయట పడింది. అదీ స్ట్రైకే. ఇంక ఒక్కటే ఉంది.

మూడో బంతి విసిరే పిల్ల చెయ్యి దాటగానే కౌసర్ "హా!" అని అరిచింది. బెంచీ మీద పిల్లలు ఉలిక్కిపడేంత అరుపు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బంతి వస్తోంది. దాని మీద ఎర్ర దారం కుట్లు గిర్రున తిరుగుతున్నాయి. ఆటలోకి వచ్చిన ఇన్ని నెలల్లో ఆ కుట్లు ఆమె చూడటం అదే మొదటిసారి. బ్యాట్ వచ్చి ఆ కుట్లకి తగలడం కూడా చూసింది. చేతుల్లో ఏ నొప్పీ తెలియలేదు.

బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య నించి నేల మీద దూసుకుపోయింది. కౌసర్ బ్యాట్ పారేసి పరుగెత్తింది. మూడో బేస్ మీది పిల్ల ప్లేట్ దగ్గరికి చేరింది. స్కోరు సమమైంది. ఆ తరవాత ఆ మ్యాచ్ ఎవరు గెలిచారు, కప్పు ఎవరింటికి పోయింది అని అడక్కండి. అవన్నీ పేపర్లో వేసుకునే ముచ్చట్లు.

కౌసర్ మొదటి బేస్ మీద రొప్పుతూ నిలబడింది. బెంచీ మీద పిల్లలు ఎగురుతున్నారు. కోటేశ్వరి నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేస్తోంది. శ్రీదివ్య మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడుతోంది. కౌసర్ వాళ్ళని దాటి కంచె వైపు చూసింది.

పీరు ముఖం ఒక్కసారిగా వెలిగింది. చప్పట్లు కొట్టబోయి రెండు చేతులూ ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఆగి, ఎవరైనా తనని చూస్తున్నారేమోనని అటొకసారి ఇటొకసారి చూశాడు. పిల్లకి మళ్ళీ ఎక్కడ నామోషీ అవుతుందోనని చేతులు దించి వెనక కట్టుకుని, ఎవరి తండ్రో అన్నట్టు ఓ పక్కకి తప్పుకుని నిలబడ్డాడు.